ధరించినవారికే దక్కాలి

ఒంటికి ధరించే కంప్యూటర్ మన ఇళ్లలోకి మొదట చేతి గడియారంగా రాలేదు. చెవి మిషనుగా వచ్చింది. పూర్తి డిజిటల్ వినికిడి యంత్రాలు 1996లోనే మార్కెట్లోకి వచ్చాయి. ఇవాళ కుర్రకారు మణికట్టున మెరుస్తున్న స్మార్ట్‌వాచీల కంటే సుమారు రెండు దశాబ్దాల ముందే, చెవి వెనక బఠాణీ గింజంత చోటులో ఒక కంప్యూటర్ కూర్చుని పగలంతా లెక్కలు కట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ కంప్యూటర్ అనుకోలేదు. పెట్టుకున్నవాళ్లు జుట్టు చాటున దాచుకున్నారు. పక్కనున్నవాళ్లు గట్టిగా అరిచి మాట్లాడటం మానలేదు. ఈ పుస్తకం ఆ చెవి మిషనుతో మొదలవుతుంది. మొదటి అధ్యాయం చదవడం పూర్తికాగానే, ముందుమాట రాస్తానని ఫోన్ చేసి చెప్పాను.

రచయిత్రి మా విద్యానగర్ అమ్మాయి. పక్కనే ఉన్న ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివింది. నేను జీవితమంతా ఫిజిక్స్ పాఠం చెప్పినవాణ్ని. ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పగలిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది ఎవరి కోసం పనిచేస్తుందో అడిగేవాళ్లు తక్కువ. ఈ అమ్మాయి ప్రతి అధ్యాయంలోనూ ఆ ప్రశ్న అడిగింది. యంత్రం వల్ల లాభం ఎవరికి, కట్టుకున్న మనిషికా, కట్టించినవాళ్లకా? నిత్యజీవితంలో ఉపయోగమంటే ఈమె లెక్కలో ఇదే. నా లెక్కలోనూ ఇదే.

చెవి మిషను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు అవి. వయసుతో వినికిడి తగ్గినవాళ్లకు శబ్దం వినపడుతుంది, మాట తేలదు. ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల శబ్దం. స, శ, త, క, ప లాంటి హల్లుల పదును అక్కడే ఉంటుంది. అచ్చులు చెవిన పడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే కప్పు తెమ్మంటే పప్పు తెస్తారు, ఇంట్లో విసుగులు మొదలవుతాయి. పాత యంత్రాలు రేడియో వాల్యూమ్ గుండీ తిప్పినట్టు అన్నిటినీ ఒకేసారి పెంచేవి, మాటతో పాటు ఫ్యానునూ, వీధిలో ఆటో హారన్‌నూ. డిజిటల్ యంత్రం అలా చేయదు. వచ్చిన శబ్దాన్ని పౌనఃపున్యాల వారీగా పట్టీలుగా విడగొడుతుంది. ఆ మనిషికి ఏ పట్టీలో ఎంత వినికిడి పోయిందో ఆడియోగ్రాం చెబుతుంది కనుక, అక్కడ దానికి తగ్గట్టు పెంచుతుంది. ప్రెషర్ కుక్కర్ కూసినప్పుడు అణిచి పట్టుకుంటుంది. ఇంత పనీ నడిచేది మినప్పప్పు వడియమంత జింక్ ఎయిర్ సెల్లు మీద. ఆ సెల్లు వెనక స్టిక్కర్ తీసి, నిమిషం సేపు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలని ఈ పుస్తకంలో ఉంది. గాలిలోని ఆక్సిజనే ఆ సెల్లుకు ఆహారం అన్న కారణమూ ఉంది. ఇలాంటి వాక్యం ఒక్కటి తెలుగులో ఉంటే ఎన్నో ఇళ్లలో సెల్లులు తొందరగా అయిపోతున్నాయన్న గొణుగుడు తగ్గుతుంది.

ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పింది. వినికిడి లోపం ఉన్నవారి కోసం ముంబైలో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆదాయ పరిమితికి లోబడి కేంద్ర ప్రభుత్వ పథకం కింద అక్కడ యంత్రాలు ఇస్తారు. ఆ సంస్థ ఎవరి పేరున ఉందో ఆయన మా వీధి చివరి గోడకు అవతల, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా పనిచేసినవారు. మన పిల్లలకు ఈ సంబంధం తెలియాలి. పుట్టుచెవుడు ఉన్న పసిపిల్లలకు ఆరోగ్యశ్రీ కింద జరిగిన కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ల గురించి ఈమె రాసిన భాగం మరీ విలువైనది. ఆపరేషన్ ఒక పూట పని. చెవి వెనక అయస్కాంతంతో అంటుకునే ప్రాసెసర్‌ను పోనివ్వకుండా, తడవనివ్వకుండా కాపాడుకుంటూ, ఏళ్ల తరబడి మాటలు నేర్పించే థెరపీకి తీసుకుపోవడం తల్లి పని. యంత్రాన్ని లెక్కేసినవాళ్లు ఆ తల్లి సమయాన్ని లెక్కేయలేదు. ఈమె వేసింది.

గడియారాల అధ్యాయానికి వస్తాను. 1940ల చివర్లో అమెరికాలో మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్, తిరుగుతున్న మనిషి గుండె సంకేతాలను పట్టే యంత్రం తయారుచేశాడు. అది వీపున మోయవలసిన 38 కిలోల మూట. ఇవాళ నారాయణగూడ డయాగ్నస్టిక్ సెంటర్లలో ఛాతీకి పట్టీలు అంటించి, నడుముకు చిన్న పెట్టె తగిలించి, ఒక రోజంతా మామూలుగా తిరిగి రమ్మంటారు. “హోల్టర్ పెట్టారు” అని రోగులు చెప్పుకునేది ఆయన పేరే. వాచీ దాని కంటే తేలిక, దాని కంటే బలహీనం కూడా. వాచీ అడుగున ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ చర్మం కింది సన్నని నాళాల్లో రక్తం పెరిగి, తిరిగి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలను లెక్కపెట్టడమే నాడి చూడటం. 2021 వేసవిలో మనమంతా వేలికి తొడుక్కుని గుండెలు అరచేత పట్టుకుని చూసిన ఆక్సీమీటర్‌దీ ఈ కుటుంబమే, అక్కడ ఎరుపు, పరారుణ కాంతులు. ఆ ఉపాయం 1970ల మొదట్లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగిది. ప్రపంచమంతా ఆయన యంత్రం కోసం వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు.

చర్మం రంగు ఈ కాంతి లెక్కలకు అడ్డం వస్తుందన్న విషయం ఈమె దాచలేదు. అమెరికా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గినా ఆక్సీమీటర్ పట్టుకోలేకపోయిన సందర్భాలు తెల్లవారి కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో వెలువడిన అధ్యయనం చూపింది. మన చామనఛాయ మణికట్ల మీద, నల్లని మణికట్ల మీద ఈ గడియారాలను ఎవరు సరిచూశారు? అమ్మేవాళ్లను అడగవలసిన ప్రశ్న ఇది. ఈ పుస్తకం అడిగింది.

వాచీ ఏం పట్టగలదో చెప్పడానికి ఈమె ఎంచుకున్న ఉదాహరణ నాకు నచ్చింది. 2019లో ప్రచురితమైన యాపిల్ హార్ట్ స్టడీలో 4 లక్షల 19 వేల మంది పాల్గొన్నారు. గుండె లయ తప్పుతోందని హెచ్చరిక అందింది 2,161 మందికి. అందులో ఛాతీకి పట్టీ అంటించుకుని పరీక్షకు నిలిచినవారిలో మూడోవంతు మందికి పట్టీ ఉన్న రోజుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. పక్షవాతానికి దారితీయగల ఆ లోపం ముందే తెలియడం చిన్న మేలు కాదు. అయితే అదే వాచీ గుండెపోటును కనిపెట్టదు. ఎడమచేయి లాగి, చెమటలు పట్టినప్పుడు వాచీలో అంకె బాగానే ఉందని ఇంట్లో కూర్చోకూడదు. ఈ రెండు వాక్యాలనూ పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించమని చెప్పాను, వేయించింది. ఇక బీపీ, షుగరూ కూడా చూపిస్తామని వెయ్యి రూపాయలకు అమ్మే గడియారాల మాట. చుట్టిన తువ్వాలుకు కట్టినా వాటిలో కొన్ని నాడి చూపిస్తాయి. సూది గుచ్చకుండా షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో స్పష్టంగా హెచ్చరించింది. ఇన్సులిన్ వేసుకునే మనిషి ఆ అంకెను నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ ఈ అమ్మాయి గొంతు పెంచింది. పెంచవలసిన చోటే పెంచింది.

అడుగుల లెక్క గురించి ఎక్కువ చెప్పను. పదివేల అడుగుల నియమం ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. పెద్దవయసు ఆడవాళ్ల మీద 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులకే మేలు కనిపించింది, 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. ఇందిరా పార్కులో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో మోకాళ్లు పట్టుకుని మరీ పదివేలు పూర్తి చేస్తున్న నా ఈడువాళ్లకు ఈ పేజీ చదివి వినిపించాలనుంది.

మధుమేహం అధ్యాయం మన వంటింటి అధ్యాయం. జబ్బకు అంటించుకునే చిన్న బిళ్ల, దాని అడుగున వెంట్రుకంత తీగ. అది రక్తంలో కాదు, చర్మం కింది కణాల మధ్య ద్రవంలో చక్కెర కొలుస్తుంది. అందుకే వేలి రక్తం చూపిన అంకె కంటే అయిదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది. రెండు వారాలు పనిచేస్తుంది. ఏడాది పొడుగునా పెట్టుకోవడం మన మధ్యతరగతికి అయ్యే పని కాదు. ఈమె సలహా అందుకే ఆచరణకు వచ్చేది. డాక్టరుతో మాట్లాడి ఒక్క రెండు వారాలు పెట్టుకోండి, ఆ రెండు వారాల్లో మీ ఇంటి తిండి ఏదీ మానకుండా, ప్రతి పూటా తిన్నది రాసుకోండి అంటుంది. ఇడ్లీ తిన్న గంటకు గీత ఎక్కడికి పోయింది? అదే ఇడ్లీ ఒకటి తగ్గించి సాంబారులో ముక్కలు పెంచితే? రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తింటే? భోజనం కాగానే పడుకున్న రోజుకూ, మేడమీద పది నిమిషాలు తిరిగిన రోజుకూ తేడా ఏమిటి? అలా తన ఒంటి గుణం తాను తెలుసుకున్నవాడికి బిళ్ల తీసేశాక కూడా జ్ఞానం మిగులుతుంది. యంత్రం వదిలినా ఉపయోగం వదలకపోవడం అంటే ఇదే. మన ఆహారం పేర్లు ఫోన్ యాప్‌లలో సరిగ్గా దొరకవని, పులిహోరను వెతికితే ఇంకేదో చూపిస్తుందని ఈమె బాధపడింది. ఆ బాధ నాదీ.

విద్యానగర్, నల్లకుంట, చిక్కడపల్లి అపార్ట్‌మెంట్లలో ఇవాళ ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లిద్దరే ఉంటున్నారు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో. వచ్చినప్పుడు తండ్రి చేతికి వాచీ కట్టి వెళతారు. పడిపోతే కనిపెట్టి ఫోన్ చేసే వాచీ. బాత్రూంలో జారిపడి లేవలేని మనిషికి అది నిజంగా ప్రాణదాత. తర్వాత ఒక ఉదయం ఫోన్ వస్తుంది. “నాన్నా, రాత్రి నాలుగు గంటలే నిద్రపోయారేం?” తండ్రికి ఆనందమే, బిడ్డ తనను పట్టించుకుంటోందని. కానీ వాచీ నిద్రను కదలికలను బట్టి, నాడిని బట్టి ఊహిస్తుందనీ, నిద్రను నిజంగా కొలవాలంటే మెదడు తరంగాలు చూడాలనీ తండ్రికీ తెలియదు, కూతురికీ తెలియదు. ఇద్దరూ ఒక అంచనాను పట్టుకుని కలవరపడతారు. రచయిత్రి ఇక్కడ ఏం పంపాలో, ఏం పంపకూడదో ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోమంటుంది. పడిపోయిన కబురు వెళ్లాలి. నిద్ర లెక్క వెళ్లాలా వద్దా అన్నది తండ్రి ఇష్టం. ఆ మీట ఎక్కడుందో ఆయనకు చూపించాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. ఆ హక్కు ఇంటి గుమ్మం లోపల కూడా వర్తిస్తుందని నేను నమ్ముతాను, పెద్దవాళ్ల విషయంలో మరీ.

పోటీ పరీక్షల పిల్లలు గదుల్లో ఉండి చదివే అశోక్‌నగర్ గురించి రాయకుండా ఈ చుట్టుపక్కల పుస్తకం పూర్తి కాదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు తెల్లవారేసరికి బారులు తీరే పిల్లలు, గ్రూప్స్ కోసం, సివిల్స్ కోసం ఏళ్లు ధారపోస్తున్న పిల్లలు. పరీక్ష రోజున గేటు దగ్గర వాళ్ల చేతి గడియారాలు విప్పిస్తారు. కారణం ఎవరో చేసిన పాపం. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకు కేసులో చెవిలో దాచిన బ్లూటూత్ పరికరాలతో జవాబులు చేరవేసిన సంగతి కూడా ఉందని 2023లో పోలీసులు చెప్పారు. 2021లో రాజస్థాన్ ఉపాధ్యాయ అర్హత పరీక్షలో చెప్పుల అట్టలో ఫోన్ పరికరాలు కుట్టించుకుని వచ్చినవాళ్లు దొరికారు. ఈ పుస్తకంలోని ఒక విశేషం చదివి ఆగిపోయాను. ఒంటికి ధరించిన మొట్టమొదటి కంప్యూటర్‌గా చెప్పుకునేదానికి మీట ఉన్నది కూడా జోడులోనే. 1961లో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితవేత్తా, సమాచార సిద్ధాంత పితామహుడు క్లాడ్ షానన్ కలిసి, సిగరెట్ పెట్టెంత యంత్రం తయారుచేశారు. లాస్‌వేగాస్ రౌలెట్ చక్రం మీద బంతి తిరిగే వేగాన్ని కాలి బొటనవేలితో మీట నొక్కి కొలిస్తే, బంతి ఎక్కడ ఆగవచ్చో చెవిలో స్వరం చెప్పేది. వాళ్లు ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు జవాబు వెతికారు, ఆ తర్వాత దాన్ని బయటపెట్టారు. చెప్పుల్లో పరికరం కుట్టించినవాళ్లు ఇంకొకరి ఉద్యోగం ఎత్తుకుపోవాలనుకున్నారు. అశోక్‌నగర్ గదుల్లో ఒక పూట మెస్సు భోజనం మానేసి పుస్తకం కొనుక్కున్న పిల్లవాడి ఉద్యోగం అది. ఆ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పుస్తకంలో గుండెకాయ లాంటి అధ్యాయం మాత్రం పారిశుద్ధ్య కార్మికులది. నాగ్‌పూర్, చండీగఢ్ లాంటి నగరాల్లో వీధులు ఊడ్చేవారి చేతికి జీపీఎస్ గడియారాలు కట్టించారు. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎంతసేపు కదలకుండా నిలబడ్డారో పై అధికారి తెర మీద చూసేవాడు. చండీగఢ్‌లో కార్మికులు వీధికెక్కి నిరసన తెలిపారు. తెల్లవారుజామున ఊడ్చి ఊడ్చి చెట్టు కింద కాసేపు కూర్చున్న ఆడమనిషి కదలికలు జీతానికి ముడిపడితే, ఆ గడియారం ఆమెకు ఏం ఇచ్చినట్టు? ఈమె వాదన ఇక్కడితో ఆగలేదు. అదే మణికట్టు మీద అదే గడియారం, మే నెల ఎండలో నాడి హద్దు దాటుతుంటే నీడకు వెళ్లమని ఆమెకే చెప్పవచ్చు కదా అంది. ఇంకా ముందుకు వెళ్లి మ్యాన్‌హోల్ మాట ఎత్తింది. చొక్కాకు తగిలించుకునే గ్యాస్ డిటెక్టర్లు ఉన్నాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగినా, ఆక్సిజన్ తగ్గినా మోగుతాయి, ఒంటి దగ్గరే అదురుతాయి. రిఫైనరీల్లో, గనుల్లో వాటిని మామూలుగా వాడతారు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైన చోట ముక్కు మొద్దుబారుతుంది, వాసన తెలియకుండానే మనిషి పడిపోతాడు. ముక్కు చేయలేని పని ఆ పరికరం చేస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా దిగుతున్నారు, చనిపోతున్నారు. ఎవరూ దిగకుండా చేయడమే అసలు పని అని ఈమె నిర్మొహమాటంగా రాసింది. అంతవరకూ దిగక తప్పని మనిషి ఒంటి మీద ఆ పరికరం లేకపోవడం నేరమంది. కూర్చున్న మనిషిని పట్టించే గడియారానికి డబ్బు దొరికిన దేశంలో, ఊపిరి ఆగబోతోందని చెప్పే పరికరానికి డబ్బు లేదనడాన్ని నేను ఒప్పుకోను. ఈ ఒక్క అధ్యాయం మున్సిపల్ కార్యాలయాల్లో బిగ్గరగా చదవాలి.

ఒక్క చోట ఈమెతో నాకు భేదం ఉంది. చూపు లేనివారి కళ్లద్దాలకు ఇచ్చిన పేజీలు చాలవు. ఎదుట పట్టుకున్న కాగితాన్ని కెమెరాతో చదివి చెవిలో వినిపించే కళ్లద్దాలు వచ్చాయి. వెనకటి రోజుల్లో హెచ్‌ఎంటీ వారు మూత తెరిచి ముళ్లను తడిమి టైము తెలుసుకునే బ్రెయిలీ గడియారం చేశారు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన దారి ఒక అధ్యాయం కావలసింది. తెలుగు అచ్చు అక్షరాన్ని, అందులోనూ పాత ముద్రణల ఒత్తులను, ఈ కళ్లద్దాలు ఎంత బాగా చదువుతాయో పరీక్షించి రాయాలి. చౌక వాచీల్లో తెలుగు మెసేజ్ వస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయని ఈమె రాసింది. ఆ ఫిర్యాదు తయారీదారులకు ఉత్తరంగా కూడా వెళ్లాలి.

రెండో ముద్రణకు నావి రెండు కోరికలు. చెవి మిషన్లు బాగుచేసేవాళ్లు, సెల్లులు దొరికే చోట్లు పట్టికగా ఇవ్వాలి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాచీ లెక్కల్లో ఏవి తీసుకెళ్లాలో ఒక పేజీలో రాసి, చించుకుని జేబులో పెట్టుకునేలా అచ్చు వేయాలి. గ్రంథాలయానికి ఇచ్చే ప్రతుల్లో ఒకటి పోటీ పరీక్షల హాలులో కాక, పొద్దున్నే పేపరు చదవడానికి పెద్దవాళ్లు వచ్చి కూర్చునే చోట పెట్టించమని చిక్కడపల్లి గ్రంథాలయం వారిని అడుగుతున్నాను.

విద్యానగర్, హైదరాబాద్